కోయదొరకి మొదటి బహుమతి

మొన్న ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘం పెట్టిన తెలుగు భాషా దినోత్సవం సభలో పిల్లల వేషాల పోటీ చూశారు కదా. మొదటి బహుమతి కోయదొరకి వచ్చింది. ఆరేళ్ల బాబు మొహానికి మసి, నడుముకి కాగితం ఆకులు కట్టుకుని "జాతకం చెప్తా దొరా" అనగానే హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను.

పార్వతీపురం బడిలో మూడో తరగతిలో అదే వేషానికి స్టీలు గ్లాసు గెలుచుకున్నవాణ్ణి మరి! మా అమ్మ పెనం అడుగు మసి కొబ్బరినూనెలో కలిపి పూసింది. రెండ్రోజులైనా వదల్లేదు. సంతలో చీపుర్లమ్మే సవర ముసలమ్మ నా చెవి వెనక చూసి "ఏటి బాబూ, ఈ మసి?" అంది. అది తనలాంటి గిరిజనుల వేషమేనని చెప్పలేక అమ్మ కొంగు చాటుకి పోయాను.

ఇంటికొస్తూ కార్లో మా అమ్మాయి అంది: "అవతార్ చూసి ఏడ్చావుగా నాన్నా, ఇప్పుడు చప్పట్లెలా కొట్టావు?" అది కాలేజీలో పోస్ట్‌కలోనియల్ థియరీ, అంటే వలసపాలన మిగిల్చిన చూపుల గురించిన చదువు, చదువుతోంది. ఏలేవాడు అవతలివాడి బొమ్మ తనే గీసి, వాడంటే ఇదేనని నమ్మించడం గురించి ఎడ్వర్డ్ సయీద్ అనే పండితుడు 1978లోనే రాశాడట. అలా చూస్తే 2009 నాటి ఆ సినిమాకీ మచ్చ ఉంది. అడవి నావీలనే వేరే గ్రహంవాళ్లది, కష్టమూ నావీలదే. గెలిపించడానికి మాత్రం భూమ్మీంచి హీరో జేక్ సల్లీ దిగాలి.

మా జిల్లాని ఆనుకునే ఒడిశాలోని రాయగడ. అక్కడి నియమగిరిలో బాక్సైట్ తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 2013లో 12 సభలూ వద్దన్నాయి. ఆ మాట చెప్పడానికి ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కోందు గిరిజనులకి జేక్ సల్లీ అక్కర్లేకపోయింది.

పిల్లాడి తప్పేం లేదు. ఆకులు కత్తిరించిన వాళ్లమ్మ ఓపికకి దణ్ణం పెట్టాలి. కానీ ఇక్కడ బళ్లో ఎవరైనా మన యాసని వెక్కిరిస్తే ప్రిన్సిపాల్ దాకా వెళ్లేది మనమే. పైగా ఆ వేదిక మీద దండ వేసింది ఎవరి ఫొటోకి? గిడుగు రామమూర్తి పంతులుగారికి. పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించి, వాళ్ల కోసం పుస్తకాలు రాసిన మనిషి. అవతార్ సినిమాలో మంచి సైంటిస్టమ్మ గ్రేస్ కూడా నావీ పిల్లలకి నేర్పింది ఇంగ్లీషే!

కార్యవర్గానికి నా మనవి ఒకటే. వచ్చే ఆగస్టులో ఆ వేషం వద్దనండి. ఆ పది నిమిషాలూ నాకివ్వండి. మా ఊరి వైపు నుంచి సవర మాట్లాడేవాళ్లనే వీడియోలో కూర్చోబెడతాను, ఏం చెప్పాలో వాళ్లిష్టం. ఇండియాలో పొద్దుపోకముందే కలవాలి కాబట్టి సభ కాస్త పెందలాడే మొదలెట్టాలి. ఇడ్లీల సంగతి నేను చూసుకుంటాను.