నాలుగో స్టెప్పు గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ ‘ఐదే స్టెప్పుల్లో రోబో బొమ్మ’లోని నాలుగో స్టెప్పు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ రాత్రి పదిన్నరయింది. రెండో తరగతి చదివే మా అమ్మాయి డ్రాయింగ్ పుస్తకంలో రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితం నూగు లేచి, చివరికి రోబో పొట్ట దగ్గర చిల్లు పడింది. తమరే కారణం కాబట్టి తమరికే రాస్తున్నాను.

మీ ముందున్న ముగ్గురి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఒకటో స్టెప్పులో మూలలు గుండ్రంగా తిప్పిన పెట్టె, అది తల. రెండోదాంట్లో దాని కింద ఇంకాస్త పెద్ద పెట్టె, అది ఒళ్లు. మూడోదాంట్లో కళ్లకు రెండు సున్నాలు (రూపాయి బిళ్ల పెట్టి గీశాం, టీచర్‌కి చెప్పకండి), నెత్తిన ఒక గీత, గీత కొసన చిన్న గుండు. యాంటెన్నా అన్నమాట. బడి మానేశాక మళ్లీ పెన్సిల్ పట్టిన నాకు, ‘మనకీ వచ్చే’ అన్న పొగరు ఆ మూడు నిమిషాల్లోనే తలకెక్కింది.

అప్పుడు తమరు దయచేశారు.

అప్పటిదాకా మొండెంతో ఉన్న రోబోకి ఒక్కసారిగా కాళ్లూ చేతులూ వచ్చేశాయి. అవీ మామూలువి కావు, వాష్ బేసిన్ కింద ఉండే మడతల పైపులాంటివి. పక్కన రాసింది మాత్రం ‘చేతులు, కాళ్లు గీయండి’ అని. అయ్యా, గొట్టం గీయడమంటే రెండు వంపు గీతలు భుజం నుంచి మణికట్టు దాకా ఒకే ఎడంలో నడవాలి. మా రోబోకి భుజం దగ్గర సొరకాయ, మణికట్టు దగ్గర ములక్కాడ తేలాయి. మోచేతి దగ్గర రెండు గీతలూ అతుక్కుపోయాయి.

“రక్తం ఎలా వెళ్తుంది నాన్నా?” అంది అమ్మాయి.

“రోబోకి రక్తం ఉండదమ్మా.”

“మరి కరెంటో?”

దీనికి మీ దగ్గర సమాధానం ఉందా?

పైగా కుడిచెయ్యి పొట్ట మీదికి వస్తుందట! ఆ సంగతి ముందే చెబితే చెయ్యి గీశాకే పొట్ట గీసేవాళ్లం కదా. పోనీ, ‘మొదటి గీతలు పెన్సిల్ నొక్కకుండా పల్చగా గీయండి’ అని ఒక్క ముక్క. బొమ్మలు వేసేవాళ్లకి అది ఓనమాలంత మామూలు సంగతి. తమరు దాన్ని ఆవకాయ కొలతల్లా దాచుకున్నారు.

మా అమ్మని చూసి నేర్చుకోండి. ‘15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క’ అనేది. ఆ ఒక్క మాటకి పక్కింటి పిన్నిగారు తెల్లారేసరికి వాకిట్లో చుక్కలన్నీ తప్పు లేకుండా పెట్టేసేవారు. అంకెలు చెప్పి మరీ పని అప్పజెప్పడం అంటే అదీ.

అన్నట్టు, మీ బొమ్మ పేరు కథ తెలుసా? 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకంలోని కృత్రిమ మనుషులకి పేరు వెతుక్కుంటుంటే, ‘రోబోలు అను’ అన్నది ఆయన అన్న జోసెఫ్. ఆ అన్న చిత్రకారుడు. నోట్లో కుంచె పెట్టుకునే గొణిగాడని తమ్ముడే తర్వాత రాశాడు. చెక్ భాషలో ‘రొబోత’ అంటే వెట్టిచాకిరీ. పేరు బొమ్మకి పెట్టారు గానీ, ఈ రాత్రి వెట్టి ఎవరు చేశారో తమరికి తెలుసు.

మీ తర్వాతి ఐదో స్టెప్పు ‘రంగులు వేసి ఆనందించండి’ అంటోంది. ఆనందించాం. అమ్మాయి పసుపు క్రేయాన్ తీసి పొట్టలోని చిల్లులోంచి కింది పేజీ మీద గట్టిగా రుద్దింది. “లైటు వెలిగింది నాన్నా” అని చెప్పి నిద్రపోయింది.

ఆ కింది పేజీలోనే రేపు ఏనుగు వేయాలి. పొట్ట ఎక్కడొస్తుందో గానీ, పసుపు మచ్చ మాత్రం ఇప్పుడే వచ్చేసింది. ఏనుక్కి నాలుగే స్టెప్పులట. అంటే అక్కడా ఆఖర్న తమరే.

ఇట్లు,
తమ విధేయుడు,
చేతినిండా పెన్సిల్ మసితో
ఒక నాన్న