రామె ది నాపోలి దొరవారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రామె ది నాపోలి దొరవారి సముఖానికి,

ఉభయకుశలోపరి. పోయినవారిని తలచుకునే నవంబర్ 2 దగ్గరపడుతోంది. సిసిలీలో, ఎట్నా కొండ కింది కటానియాలో, మిఠాయి కొట్ల అద్దాల వెనక మెత్తటి కోకో బిస్కెట్ దొరవారైన తమరు నల్లటి చాక్లెట్ కోటు తొడుక్కుని, నెత్తిన పచ్చటి పిస్తా పలుకులతో కొలువుదీరే రోజులివి. పేరులో నేపుల్స్, కాపురం కటానియాలో. చిరునామా రుజువు అడిగితే ఏం చూపిస్తారో తమకే తెలియాలి.

మా పెద్దల అమావాస్యకి మేం పెద్దలకు పెట్టుకుంటాం. అక్కడ పెద్దలే వచ్చి పిల్లలకు పెడతారు. పోయిన తాతలూ అమ్మమ్మలూ ఆ రాత్రి వచ్చి బొమ్మలూ మిఠాయిలూ దాచి వెళతారని సిసిలీ పిల్లలకు చెబుతారు. తెల్లారగానే వాళ్లు ఇల్లంతా గాలిస్తారు. దొరికే వాటిలో బాదం ముద్దతో చేసిన పళ్లుంటాయి, పలెర్మో వైపు పంచదార బొమ్మలుంటాయి, లవంగం వాసన వేసే ‘చచ్చినవాళ్ల ఎముకలు’ అనే బిస్కెట్లుంటాయి. ఆ ఎముకలు కొరకాలంటే సొంత పళ్లు గట్టివై ఉండాలి. మెత్తగా ఉండడం అనే ఒక్క బాధ్యత తమకు అప్పగించారు. నూటికి తొంభై వంటిళ్లలో తమరు దాన్నే ఎగ్గొడుతున్నారు. అదే మా ఫిర్యాదు.

ముందుగా తమ వంశచరిత్ర. 1816లో నేపుల్స్, సిసిలీ కలిసి రెండు సిసిలీల రాజ్యం ఏర్పడ్డాక వచ్చిన రాగి నాణెం పేరు తమకు పెట్టారని ఒక కథ. మిగిలిపోయిన బిస్కెట్లూ కేకు ముక్కలూ నూరి, కోకో కలిపి తమర్ని తయారుచేశారని ఇంకో కథ. మొదటిది కొట్టు బోర్డు మీద రాసుకోవడానికి బాగుంటుంది, వంటింటికి పనికొచ్చేది రెండోదే. పాత బిస్కెట్ల పొడితో పుట్టిన దొరవారికి ఇప్పుడు లోపల హేజెల్‌నట్ క్రీము, పైన తెల్ల చాక్లెట్, ఆపైన పిస్తా క్రీము కావాలట! కోటు మీద కోటు తొడిగి లోపల మనిషి ఎండిపోతున్నా అడిగే నాథుడు లేడు.

తమ అసలు ఖర్చు ఇంతే: అరకిలో మైదా, 100 గ్రాముల తియ్యదనం లేని కోకో, 200 గ్రాముల పంచదార, 100 గ్రాముల కరిగించిన వెన్న, రెండు పెద్ద చెంచాల తేనె, ఒక టీ స్పూను దాల్చినచెక్క పొడి, నాలుగైదు లవంగాల పొడి, ఒక నారింజ తొక్క తురుము, 350 మిల్లీలీటర్ల పాలు. పాతకాలంలో వెన్న స్థానంలో పందికొవ్వు వేసేవారు. పాత బిస్కెట్ల పొడి వాడదలిస్తే 100 గ్రాముల మైదా తగ్గించి అంత పొడి వేయాలి. అది పాలు బాగా పీలుస్తుంది కనుక ఇంకో 30, 40 మిల్లీలీటర్లు సిద్ధంగా పెట్టుకోవాలి.

పిండి గారెల పిండి కన్నా కాస్త పలచన, గరిటె వంచితే ముద్దగా జారాలి. తమరి మొదటి మోసం ఇక్కడే. కలపగానే నీళ్లగా, బెదిరించేలా కనిపిస్తారు. వంటమనిషి కంగారుపడి గుప్పెడు మైదా వేస్తారు. పది నిమిషాలు ఓపిక పడితే కోకో, మైదా తడి పీల్చుకుని పిండి దానంతటదే గట్టిపడేది. ఆ గుప్పెడు మైదాతో బిస్కెట్ కాస్తా ఇటుక అవుతుంది.

రెండో మోసం రంగు. మామూలు బిస్కెట్ అంచులు ఎర్రబడగానే తీసేస్తాం. తమరు ఓవెన్‌లోకి వెళ్లేటప్పుడూ నలుపే, వచ్చేటప్పుడూ నలుపే. 50 గ్రాముల ముద్దలు, తడిచేత్తో కోలగా ఒత్తి, ఎడంగా పెట్టి, 180 డిగ్రీల్లో 12 నిమిషాలు. పది నిమిషాలకే తలుపు తీసి నడుం మీద వేలితో నొక్కాలి. గుంట పడి మళ్లీ పైకి లేస్తే చాలు, బయటికి తీసేయాలి. పుల్ల గుచ్చితే పొడిగా, శుభ్రంగా వచ్చిందంటే సంబరపడకండి, అప్పటికే ఆలస్యమైంది. వేడి మీద మెత్తగా ఉండి, ఆరాక గట్టిపడే జాతి తమది.

అమ్మోనియా సంగతి కూడా చెప్పాలి. సంప్రదాయమంటూ తమలో పిండిని పొంగించే అమ్మోనియం బైకార్బొనేట్ వేస్తారు. అది పల్చటి, కరకరలాడే బిస్కెట్లకు మేలు, ఎందుకంటే తడితో పాటు ఘాటూ పోతుంది. లావుగా, తడిగా ఉండే తమ కడుపులో ఆ ఘాటు చిక్కుకుపోయే ప్రమాదం ఉంది. తాతల నాటి రుచి అని కొందరు మురుస్తారు. మేం మాత్రం 16 గ్రాముల బేకింగ్ పౌడర్, అంటే నాలుగు టీ స్పూన్లు తలగొట్టి వేస్తాం.

ఇక కోటు. బిస్కెట్ పూర్తిగా చల్లారకుండా చాక్లెట్ తొడిగితే లోపలి ఆవిరి దాన్ని మసకబార్చి పొరగా ఊడదీస్తుంది. కోటు కింద నారింజ మార్మలేడ్ (జామ్) పూసే ఆచారం మంచిదే, కానీ పల్చగా. మందంగా పూస్తే కోటు జారిపోతుంది. అసలు డార్క్ చాక్లెట్ అయితే 45 డిగ్రీల్లో కరిగించి, 27కి చల్లార్చి, మళ్లీ 31కి తేవాలి. ఈ లెక్క తప్పితే రెండు రోజుల్లో తెల్ల చారలు తేలతాయి. అది బూజు కాదు, కోకో వెన్న చేసిన అలక. అంత తతంగం వద్దనుకుంటే 300 గ్రాముల చాక్లెట్‌లో 30 గ్రాముల వెన్న కరిగించండి. కోటు మెత్తగా ఉంటుంది, టక్కున విరగదు. ఎలా కరిగించినా, ఒక్క నీటి చుక్క పడితే చాక్లెట్ గరుకు ముద్దవుతుంది. పిస్తా పలుకులు ముంచిన నిమిషంలోపే చల్లాలి. కోటు ఆరాక చల్లితే పళ్లెంలోకి దొర్లిపోతాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రయత్నించేవారి తరఫున ఒక మాట. గది 30 డిగ్రీలుంటే తమ కోటు ఆరదు. ఫ్రిజ్‌లో పెడితే ఆరుతుంది, బయటికి తీయగానే చెమట పట్టి మచ్చలు తేలుతుంది. ఏసీ గదిలో 20, 22 డిగ్రీలు ఒక్కటే దారి. కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసిన కాంపౌండ్ చాక్లెట్ ఎండకు తట్టుకుంటుంది, నాలుక మీద మైనంలా ఉంటుంది. రెండూ సగం సగం కలపడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన: వాటి కొవ్వులకు పొసగదు. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రా కనుక, గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడన పండిన గింజకైనా కాస్త మర్యాద ఇవ్వమని మనవి.

ఇట్లు,
తమ కోటు కుట్టే దర్జీలు

తా.క.: డబ్బాలో మూతపెట్టి, వరసకీ వరసకీ మధ్య కాగితం వేసి, బయటే ఉంచితే నాలుగైదు రోజులు తమరి మెత్తదనం నిలుస్తుంది. ఆరో రోజుకి ఎండిపోతే మిక్సీలో వేసి పొడి చేసుకుంటాం, ఆ పొడి ఎందుకో తమకు తెలుసు.