400 తేడా ఉంటే పావులన్నీ మార్చేసుకోవాలా?

రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా చెస్ ఆడే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు ఒకటే మెసేజ్ తిరుగుతోంది. నాకు ఒడియాలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు వచ్చింది. "ఎదుటివాడి రేటింగ్ 400 ఎక్కువైతే గెలుపు మర్చిపోండి, వాళ్లు ఇరవై ఎత్తులు ముందే చూస్తారు, ఓడితే మీ రేటింగ్ కుప్పకూలుతుంది, అందుకే పావులన్నీ మార్చేసుకుని డ్రా చేసుకోండి" అని.

రేటింగ్ కుప్పకూలడమా? ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) పట్టికలో 400 తేడాకి, తక్కువ రేటింగ్ ఉన్న ప్లేయర్ నుంచి ఒక గేమ్‌లో ఆశించే వాటా 0.08 (గెలుపు అంటే 1, డ్రా అంటే 0.5). పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి, రేటింగ్ 2300 దాటనంతవరకు, కె విలువ 40 (వచ్చిన ఫలితానికీ ఆ వాటాకీ ఉన్న తేడాని దీంతోనే హెచ్చిస్తారు). అంటే ఓడితే పోయేది 3.2 పాయింట్లు, డ్రా చేస్తే వచ్చేది 16.8, గెలిస్తే 36.8. ఇందులో భయపడాల్సింది ఎవరో మీరే చెప్పండి.

ఇరవై ఎత్తుల కథ కూడా అంతే. డచ్ సైకాలజిస్టు డీ గ్రూట్ 1940లలోనే పరీక్షించి చూశాడు. గ్రాండ్‌మాస్టర్లు మిగతావాళ్లకంటే మరీ లోతుగా ఏమీ లెక్కెయ్యలేదు, మంచి ఎత్తు వాళ్ల కంటికి ముందే ఆనిందంతే.

గెలుపు మాటకొస్తే, 2004లో ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో పదమూడేళ్ల కార్ల్‌సన్ (తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు) ర్యాపిడ్ గేమ్‌లో, అంటే తక్కువ టైమ్‌లో ఆడే గేమ్‌లో, మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఇబ్బంది పెట్టాడు, చివరికి డ్రాతో బయటపడింది కాస్పరోవే (తర్వాతి గేమ్ ఆయనే గెలిచాడులెండి).

అసలు ముంచేది ఆ చివరి సలహా. పావులు తగ్గేకొద్దీ ఆట తేలికవుతుందనుకుంటాం గానీ, ఎండ్‌గేమ్‌లో (కొన్ని పావులే మిగిలిన చివరి దశలో) దాన్ని చదువుకున్నవాడిదే రాజ్యం, ఒక్క ఎత్తు తప్పితే సర్దుకోడానికి ఏమీ మిగలదు. బరంపురంలో ఒక టోర్నమెంట్‌లో నాకంటే బాగా పెద్ద రేటింగ్ ఉన్న ఒకాయనతో సరిగ్గా ఇదే చేశాను. రాణులు మార్చాను, గుర్రాలు మార్చాను, చివరికి ఏనుగులు కూడా మార్చేసి హమ్మయ్య అనుకున్నాను. ఆయన రాజు డీ4 గడిలో, బంటు ఈ4లో, నా రాజు ఈ7లో, ఎత్తు నాది. డీ6కి వెళ్తే రాజులు ఎదురెదురుగా నిలబడి డ్రా అయిపోయేది. టెన్షన్‌లో ఎఫ్6కి జరిపాను. ఆయన రాజు డీ5కి, నేను మళ్లీ ఈ7కి, ఆయన రాజు ఈ5కి. ఇక దారివ్వక తప్పలేదు, బంటు రాణి అయిపోయింది.

లేచేటప్పుడు ఆయన ఒడియాలో అడిగాడు, ఏనుగులు ఎందుకు మార్చావు బాబూ, అప్పటికి నా గడియారంలో నాలుగు నిమిషాలే ఉన్నాయి కదా అని. నేను ఆయన గడియారం వైపే చూడలేదు.