ఎనిమిది లైట్ల ప్రమాణం

అమెరికాలో టీఐఏ అని టెలికాం కంపెనీల సంఘం ఒకటి ఉంది. జెనీవాలో ఐఎస్‌ఓ, ఐఈసీ అని ప్రమాణాలు రాసే సంస్థలు మరో రెండున్నాయి. నెట్‌వర్క్ వైరు దేనితో చేయాలి, ఎంత దూరం లాగాలి, ఎంతవరకు వంచాలి అని ఏళ్ల తరబడి చర్చించి టీఐఏ-568, ఐఎస్‌ఓ/ఐఈసీ 11801 అని లావుపాటి గ్రంథాలు రాశారు. పాపం, ఒక్కసారి హైదరాబాద్‌లో కొత్తగా కడుతున్న ఏ అపార్ట్‌మెంటుకైనా వచ్చి ఉంటే అంత శ్రమ తప్పేది. ఇక్కడ ప్రమాణం ఒక్కటే. టెస్టర్‌లో వైరులోని ఎనిమిది తీగలకు ఒక్కొక్కటి చొప్పున ఎనిమిది లైట్లూ వరసగా వెలగాలి. వెలిగాయంటే పని అయిపోయినట్టే.

ముందు రాగి సంగతి. క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ వైరులో తీగ అచ్చమైన రాగిదై ఉండాలని ఆ గ్రంథాల పట్టు. మన బజారుకు అంత సంకుచిత బుద్ధి లేదు. అల్యూమినియం తీగకు పైపైన రాగి పూత పూసి, పెట్టె మీద మాత్రం ‘క్యాట్ 6’ అని పెద్దక్షరాల్లో అచ్చేస్తుంది. తెలిసినవాళ్లు దాన్ని సీసీఏ అంటారు. వైర్లలో ఇది వన్ గ్రామ్ గోల్డ్. కాకపోతే వన్ గ్రామ్ గోల్డ్ అమ్మేవాడు అది అసలు బంగారమని చెప్పడు, ఇక్కడ ఆ మొహమాటం కూడా లేదు. 916 హాల్‌మార్క్ చూడనిదే ముక్కుపుడక కొనని మనం, గోడలో పాతిపెట్టే వైరు కొనను ఒక్కసారి బ్లేడుతో గీకి చూడం. గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. తెలుసుకుని బాధపడటం దేనికి?

సీసీఏ మహిమ చూడాలంటే అదే వైరు మీద కరెంటు కూడా పంపాలి. అంటే పీఓఈ, మన సీసీ కెమెరాలకు వాడేది. ఈ తీగ నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. పగలంతా కెమెరా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పొద్దుగూకి, చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఐఆర్ లైట్లు వెలగ్గానే ఎక్కువ కరెంటు లాగుతుంది, పొడుగాటి వైరులో వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆఫ్. కాసేపటికి ఆన్. మళ్లీ ఆఫ్. దొంగల వ్యక్తిగత గోప్యతను ఇంతగా గౌరవించే నిఘా వ్యవస్థ ఇంకే దేశంలోనైనా ఉందేమో వాకబు చేయాలి.

ఇక రంగుల వరస. ఆ ఎనిమిది తీగలు రెండేసి మెలితిప్పిన నాలుగు రంగుల జంటలు. ప్లగ్గులో ఏ తీగ ఏ పిన్నులోకి వెళ్లాలో చెప్పే టీ568బీ పద్ధతి ప్రకారం మూడో పిన్నులో తెలుపు-గ్రీన్, ఆరో పిన్నులో గ్రీన్, వాటి మధ్య బ్లూ జంట. జంటను విడదీసి నడుమ ఇంకో జంటను కూర్చోబెట్టే ఈ ఏర్పాటు మనవాళ్లకు నచ్చలేదు. అందుకే ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్ జంటలను శుభ్రంగా వరసలో పెట్టి ప్లగ్గులో నొక్కి క్రింప్ చేసేస్తారు. రెండు కొనల్లోనూ అదే వరస కాబట్టి ఎనిమిదీ వెలుగుతాయి. మూడు, ఆరు పిన్నులు వేర్వేరు మెలికల్లో పడి, ఒక జంట సిగ్నల్ ఇంకో జంటలోకి చొరబడుతున్న సంగతి ఆ లైట్లకు తెలియదు. అది పట్టుకునే మిషన్ ఖరీదు లక్షల్లో ఉంటుంది. మనది మూడు నాలుగొందల్లో దొరుకుతుంది, బ్యాటరీ అదనం. కొన దగ్గర మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదని కూడా రాశారు. వైరు లాగే మనవాడు జానెడు విప్పుతాడు. వేళ్లకు పట్టు దొరకాలి కదా!

100 ఎంబీపీఎస్‌కు రెండు జంటలే చాలు. మిగతా రెండూ ఊరికే పడి ఉంటే మన ప్రాణం ఒప్పుతుందా? వాటితో ఇంకో కంప్యూటరో, ఇంటర్‌కమ్మో నడిపిస్తాం. రాగి మీద వెయ్యి ఎంబీపీఎస్ అనే గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలని 1999లోనే తేల్చారు. ఆ వార్త మన డక్టుల్లోంచి పై అంతస్తులకు ఇంకా ఎక్కలేదు. అందుకే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కట్టే ఇంట్లో స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగిపోతుంది. వైరు లాగినవాణ్ని అడిగితే “నెట్ వస్తోంది కదా సార్, ఇంకేం కావాలి?” అంటాడు. నిజానికి అతన్ని అనడానికి లేదు. ఇటాలియన్ మార్బుల్‌కు అడిగినంత ఇచ్చి, నెట్ పాయింటు దగ్గరకొచ్చేసరికి పదీ పరకా బేరమాడే బిల్డరు, ఆ బిల్డరును ఒక్క ప్రశ్నా అడగని మనమూ కలిసి రాసుకున్న ప్రమాణమిది.

ఫైబర్ వస్తే ఈ బాధలన్నీ పోతాయన్నారు. గాజు కాబట్టి అల్యూమినియం కలపడం కుదరదు. నిరాశపడనక్కర్లేదు, మార్గాలు వేరే ఉన్నాయి. ఇళ్లకు వేసే సింగిల్ మోడ్ రకం ఫైబర్‌లో వెలుతురు నడిచే దారి సుమారు 9 మైక్రాన్లు. అక్కడ చిన్న దుమ్ము రేణువు చాలు. కనెక్టర్ ముఖాన్ని మైక్రోస్కోపుతో ఎలా పరీక్షించాలో చెప్పడానికి ఐఈసీ 61300-3-35 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. మన దగ్గర చొక్కా అంచుంది. పచ్చ కనెక్టర్ ముఖం 8 డిగ్రీలు ఏటవాలు, నీలం దాని ముఖం వేరు, రెండూ కలవకూడదంటారు. కానీ రెండూ దూరతాయి. దూరేదాన్ని వద్దనడం మర్యాద కాదు.

తీగను ఇంట్లోకి తేవడానికి గోడకు బెజ్జం కొడితే ఓనరు ఒప్పుకోడు. అందుకని స్లైడింగ్ కిటికీ సందులోంచి తెస్తారు. కిటికీ మూస్తే ఫైబర్ నలిగి నెట్ పోతుంది, తెరిస్తే వస్తుంది, దోమలతో సహా. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. కిటికీ గురించి వాళ్ల స్క్రిప్టులో ఇంకా చేర్చలేదు.