జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు వృథా అన్న వాదనకు సమాధానం

పీజీ వైద్య విద్యార్థుల్లోనూ వారి తల్లిదండ్రుల్లోనూ విస్తృతంగా చలామణీ అవుతున్న వాదన ఒకటి ఉంది. జిల్లా రెసిడెన్సీ పేరుతో మూడు నెలలపాటు చిన్న పట్టణంలోని ఆసుపత్రికి పంపితే నేర్చుకునేది ఏమీ ఉండదనీ, పరీక్షల్లో వెనకబడతారనీ, అది ప్రభుత్వానికి చవకగా డాక్టర్లను సమకూర్చే ఏర్పాటు మాత్రమేననీ, ఎలాగూ అక్కడ ఎవరూ స్థిరపడరు కాబట్టి ఊరికీ ఒరిగేదేమీ లేదనీ దాని సారాంశం. ఇందులో ఒక అంశానికి కొంత ఆధారం ఉంది. మిగిలినవి చాలావరకు నిలిచేవి కావు.

ముందు నియమం ఏమిటో చూద్దాం. పీజీ వైద్య విద్య నిబంధనలకు 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ ప్రకారం ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థులు మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. మొదట కనీసం 100 పడకల ఆసుపత్రి ఉండాలన్నారు. 2023 నిబంధనల్లో దాన్ని 50కి తగ్గించడంతో ఇంకా చిన్న పట్టణాలకూ దారి తెరుచుకుంది. 36 నెలల కోర్సులో ఇది పన్నెండో వంతు.

నేర్చుకునేది ఏమీ ఉండదన్న మాట చాలామందికి సహజంగా తోస్తుంది, ఎందుకంటే ఎమ్మారై, సూపర్ స్పెషాలిటీ వార్డులు, పెద్ద ప్రొఫెసర్లు ఉన్నచోటే చదువు ఉంటుందని మనం అనుకుంటాం. అయితే 1961లో వైద్య పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్ లెక్కల ఆధారంగా ఒక అంచనా వేశారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే, ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది, 250 మంది డాక్టరు దగ్గరికి వెళతారు, 9 మంది ఆసుపత్రిలో చేరతారు, విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వచ్చేది ఒక్కరే. మన విద్యార్థి చదువంతా ఆ ఒక్కరి చుట్టూ సాగుతోంది. పైగా ఆ ఒక్కరు కూడా చాలాసార్లు రిఫరల్ చీటీ మీద జబ్బు పేరు రాయించుకునే వస్తారు. నిర్ధారణ అనే అసలు కష్టాన్ని అంతకుముందే ఇంకెవరో పడి ఉంటారు.

పాముకాటు సంగతే తీసుకోండి. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరిస్తే వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, కాటు గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వచ్చిన ఆ మనిషి కనురెప్పలు వాలుతున్నాయని గమనించవలసింది ఓపీలో మొదట చూసిన డాక్టరే. పెద్దాసుపత్రికి చేరేసరికి రోగి నోట్లో శ్వాస గొట్టం ఉంటుంది, కేసు షీటు మీద పాముకాటు అని రాసి ఉంటుంది. రక్తపింజర కాటును పట్టుకోవడానికి ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు: శుభ్రమైన గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తే చాలు; గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. అయితే కట్లపాము విషం దెబ్బతీసేది నరాలను, రక్తాన్ని కాదు. రక్తం గడ్డకట్టింది కదా అని కట్లపాము కరిచిన మనిషిని ఇంటికి పంపిస్తే ఏమవుతుందో పాఠ్యపుస్తకంలో చదవడం వేరు, రాత్రి డ్యూటీలో ఆ నిర్ణయం తానే తీసుకోవలసి రావడం వేరు.

పరీక్షల్లో వెనకబడతారన్న భయానికి ఆస్ట్రేలియా అనుభవం కొంత జవాబు చెబుతుంది. అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1997లో ఎనిమిది మంది వైద్య విద్యార్థులను రివర్‌లాండ్ ప్రాంతంలోని చిన్న పట్టణాలకు ఏడాది పాటు పంపింది. అక్కడ వారు ఈ నెల సర్జరీ, వచ్చే నెల పిల్లల వార్డు అన్నట్టు కాక, స్థానిక డాక్టర్ల దగ్గర ఉండి అన్ని రకాల రోగులనూ కలిపి చూస్తూ నేర్చుకున్నారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ వోర్లీ బృందం 2004లో ప్రచురించిన పరిశీలనలో, అలా వెళ్లిన విద్యార్థుల మార్కులు నగరంలోని బోధనాసుపత్రిలో ఉండిపోయినవారికంటే మెరుగుపడ్డాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: వారు పీజీలు కారు, కోరుకుని వెళ్లినవారు, ఉన్నది ఏడాది. మూడు నెలలు ఉంటే మార్కులు పెరుగుతాయని దీన్నిబట్టి చెప్పలేం. చిన్న ఊరికి వెళితే చదువు చెడిపోవడం ఖాయమన్న మాటను మాత్రం ఇది నిలవనివ్వదు.

చవక కూలీ అన్న ఆరోపణ దగ్గరే కొంత నిజం ఉందన్నాను. నియమం ప్రకారం స్టైపెండ్ పూర్తిగా కొనసాగాలి, జిల్లా స్పెషలిస్టు పర్యవేక్షణ ఉండాలి, కళాశాలలోని గురువులతో ఫోను ద్వారానైనా సంబంధం ఉండాలి. స్పెషలిస్టు పోస్టు ఖాళీగా ఉన్నచోటికి విద్యార్థిని పంపి, ఆ ఖాళీని అతనితో పూరించి, వసతి కూడా చూపకపోతే దాన్ని శిక్షణ అనడానికి నోరు రాదు. అలాంటి చోట ఫిర్యాదు న్యాయమైనదే, కాని అది నియమాన్ని అమలు చేయమని అడగవలసిన ఫిర్యాదు, ఎత్తివేయమని కాదు. (పెద్ద బోధనాసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు నడిచేది ఎవరి భుజాల మీదో పీజీలకు వేరే చెప్పనక్కర్లేదు, అక్కడ శిక్షణ అనిపించుకున్న పని వంద కిలోమీటర్లు జరగగానే దోపిడీ ఎలా అవుతుందో ఈ వాదన చెప్పదు.)

ఎవరూ స్థిరపడరన్నది చివరి మాట. మూడు నెలలు ఉన్నంత మాత్రాన ఎవరూ స్థిరపడరు, నిజమే. జిల్లా రెసిడెన్సీని సమర్థించేవారు ఆ ఆశ చూపించకపోవడం మంచిది. చిన్న ఊళ్లలో ఎవరు నిలుస్తారన్నదానికి మంచి ఆధారం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాలో ఉన్న జెఫర్సన్ వైద్య కళాశాలలో ఉంది. అక్కడ 1974 నుంచి పల్లె నేపథ్యం ఉండి, పల్లెలో కుటుంబ వైద్యులుగా పనిచేయదలచిన వారిని ప్రత్యేకంగా ఎంపిక చేసుకుంటున్నారు. 1999లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పెన్సిల్వేనియాలోని ఏడు వైద్య కళాశాలల పట్టభద్రుల్లో ఈ పథకం ద్వారా వచ్చినవారు ఒక్క శాతమే అయినా, ఆ కళాశాలల్లో చదివి రాష్ట్రంలోని గ్రామీణ ప్రాంతాల్లో పనిచేస్తున్న కుటుంబ వైద్యుల్లో వారు 21 శాతం ఉన్నారు. అంటే స్థిరపడటం అన్నది పోస్టింగుకంటే ముందే, సీటు ఎవరికిచ్చామన్న దగ్గరే చాలావరకు తేలిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో పీహెచ్‌సీల్లో పనిచేస్తున్న డాక్టర్లకు పీజీలో ఇచ్చే సర్వీసు కోటాను ఆ కోణంలో చర్చించవచ్చు. దాని ఫలితాన్ని మూడు నెలల శిక్షణ నుంచి ఆశించి, రాలేదని శిక్షణనే తప్పుపట్టడం కుదరదు.