స్కాన్ చేస్తే శుభ్రం చేసినట్టేనా?
శుభ్రం చేసే మనిషి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ గది శుభ్రమైనట్టే అని ఒక వ్యాసంలో రాశారు, నాకైతే ఒప్పుకోబుద్ధి కాలేదు. స్కాన్ చెప్పేది మనిషి గుమ్మం దాకా వచ్చాడని, అంతే. నేను సూపర్‌వైజర్‌గా చేసినప్పుడు రాత్రిపూట తలుపు పిడులకీ, ఫ్లష్ మీటకీ కంటికి కనబడని, తుడిస్తే పోయే ఫ్లోరసెంట్ జెల్ చుక్క పెట్టేవాణ్ణి. పొద్దున చూస్తే యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే. యూవీ టార్చి వేస్తే పిడి వెనకవైపు చుక్క మాత్రం మెరుస్తూ అక్కడే! (శుభ్రం చేసేవాళ్లని తిట్టి లాభం లేదు, గదికి ఇచ్చిందే నాలుగు నిమిషాలు.) ఏటీపీ మీటర్ (జీవకణాల్లో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని కొలిచేది) కొంత నయం, కొన్ని సెకన్లలో అంకె చూపిస్తుంది. కాకపోతే అది పట్టేది మిగిలిపోయిన సేంద్రియ మురికిని, వైరస్‌లని కాదు. ఫోన్ నిజంగా పనికొచ్చేది టైమర్‌గానే. క్రిములను చంపే మందు స్ప్రే కొట్టాక డబ్బా మీద రాసినన్ని నిమిషాలు ఆ చోటు తడిగా ఉండాలి, చాలామంది కొట్టిన వెంటనే తుడిచేస్తారు.