సవరణ: షోన్‌బర్గ్ పులిట్జర్, థామ్సన్ పులిట్జర్ ఒకటి కాదు

మొన్నటి పోస్టులో అమెరికన్ మ్యూజిక్ క్రిటిక్‌లు హెరాల్డ్ షోన్‌బర్గ్‌కీ, వర్జిల్ థామ్సన్‌కీ ఇద్దరికీ మ్యూజిక్ రివ్యూలకే పులిట్జర్ (జర్నలిజానికీ, కళలకీ ఇచ్చే అమెరికా ప్రైజ్) వచ్చిందని ఉంది కదా, దాన్ని ఇలా మార్చి చదువుకోండి. థామ్సన్ న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో 1940 నుంచి 1954 దాకా రివ్యూలు రాసిన మాట నిజమే, కానీ 1949లో ప్రైజ్ వచ్చింది ఒక సినిమాకి కట్టిన సంగీతానికి, ఎందుకంటే ఆయన కంపోజర్ కూడా, పైగా క్రిటిసిజంకి విడిగా ప్రైజ్ పెట్టిందే 1970లో. ఆ ప్రైజ్ అందుకున్న మొదటి మ్యూజిక్ క్రిటిక్ న్యూయార్క్ టైమ్స్ షోన్‌బర్గ్, 1971లో.

ఇంకోటి, 1962లో కెనడా పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ ఇచ్చిన కచేరీ సంగతి. షోన్‌బర్గ్ టెంపో (వాయించిన వేగం) నచ్చలేదని ఊరుకున్నాడనుకుంటే పొరపాటే. రివ్యూ మొత్తం ఓసిప్ అనే ఫ్రెండ్‌కి ఉత్తరంలా రాసి, జర్మన్ కంపోజర్ బ్రామ్స్ పియానో కన్చెర్టోని (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే కృతి) అంత నిదానంగా వాయించడానికి కారణం బహుశా వేళ్లలో సత్తా లేకేమో అని చురక పెట్టాడు (నన్నడిగితే అది అన్యాయం, గూల్డ్‌కి లేనిది వేగమా!). కండక్టర్ బెర్న్‌స్టీన్‌నీ వదల్లేదు.

అన్నట్టు 1972లో ఫిషర్-స్పాస్కీ చెస్ మ్యాచ్‌ని రెయిక్యావిక్ నుంచి టైమ్స్‌కి రాసింది కూడా ఈయనే, వేరే షోన్‌బర్గ్ కాదు.